పోశం పొగ పొయ్యి

పోశానికి పని చెప్పాలంటే సారవ్వ ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. చేయడేమోనని కాదు, అవసరానికి మించి చేస్తాడని. కోళ్ల గూటికి తలుపు ఊగుతోంది, కాస్త బిగించమని చెప్పిన పాపానికి ఆయన గూడంతా విప్పి, గాలి ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్క నుంచి పోయేటట్టు రెండు కిటికీలు పెట్టి మళ్లీ కట్టాడు. ఇరుగుపొరుగు వచ్చి చూసి మెచ్చుకున్నారు. కోళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. అవి ఆ చలికాలమంతా ఒకదాని మీద ఒకటి ఎక్కి ముడుచుకుని పడుకున్నాయి.

"నీకు గాలి పిచ్చి పట్టింది" అంటుంది సారవ్వ.

"ఆ పిచ్చితోనే గద ఇన్నేండ్లు బువ్వ తిన్నం" అంటాడు పోశం. ఇద్దరి మాటా నిజమే.

గోదావరిఖని చుట్టుపక్కల బొగ్గు గనిని బాయి అంటారు. మీసాలు సరిగ్గా రాకముందే పోశం బాయిలో దిగాడు. దిగిన రోజు నుంచి రిటైరయ్యేదాకా వెంటిలేషన్ సెక్షన్‌లోనే చేశాడు. బొగ్గు తవ్వేవాళ్లు వేరు, దాన్ని పైకి తెచ్చేవాళ్లు వేరు. వాళ్లందరికీ ఊపిరి అందేటట్టు చూడడం పోశం వాళ్ల పని. భూమి లోపల గాలి తనంతట తాను తిరగదు. పరదాలు కట్టి మళ్లించాలి, గోడలు కట్టి అడ్డుకోవాలి, తలుపులు పెట్టి దారిలో నడిపించాలి. చేరిన కొత్తలో పని నేర్పిన పెద్ద మేస్త్రి ఆయన బుర్రలో ఒక మాట దిగ్గొట్టాడు. పొగ కనబడితే ముందు దానికి దారి చూపు, ఆ తర్వాతనే నోరు తెరువు. పోశం దాన్ని ఎంత బాగా నేర్చుకున్నాడంటే, ఇంట్లో సారవ్వ పోపు వేసినా సరే, తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్లి కిటికీ తెరిచి వస్తాడు.

ఆ ఉద్యోగంలో ఇంకో పని కూడా ఉండేది. పాతబడి వదిలేసిన చోట్ల మిగిలిన బొగ్గు ఒక్కోసారి తనంతట తానే రాజుకుంటుంది. అప్పుడు ఆ మంటకు గాలి అందకుండా అడ్డంగా గోడ కట్టి మూసేయాలి. అలాంటి పని పడ్డ రోజుల్లో పోశం చొక్కా నిండా పొగ వాసనతో ఇంటికి వచ్చేవాడు. సారవ్వ ఆ చొక్కాను మిగతా బట్టల్లో కలపకుండా వేరే బకెట్‌లో వేసి, వంట కూడా ఆపి, అప్పటికప్పుడు ఉతికేసేది. నా పెళ్లానికి శుభ్రం ఎక్కువ అనుకునేవాడు పోశం. అంతకు మించి ఆలోచించలేదు.

సారవ్వకు కాలనీలో పేరు తెచ్చినవి తునకలు. మేక మాంసాన్ని సన్నగా, పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు, కారం, అల్లం వెల్లుల్లి పట్టించి, దబ్బనంతో పురికొసకు గుచ్చి దండెం మీద ఎండేసేది. కంపెనీ క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లు ఆ వరసలో ఎవరింట్లో దావత్ అయినా సారవ్వ తునకలు ఉండాల్సిందే. పిల్లలు దండెం కింద కాపలా ఉండి, కాకులను తోలినట్టే తోలి, తామే ఒకటి లాక్కుని పరుగెత్తేవాళ్లు. సారవ్వ తిట్టినట్టే తిట్టి, లోపల మురిసిపోయేది.

రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేసి ఊరి అంచున సొంత ఇల్లు కట్టుకున్నారు. స్థలం ఎంచింది పోశమే. పెరడు విశాలంగా ఉంది, పడమటి గాలికి అడ్డం లేదు అని సంబరపడ్డాడు. గాలి నిజంగానే వచ్చింది. గాలితోపాటు పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని మట్టి గుట్టల మీది దుమ్మూ వచ్చింది. మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయిందంటే సాయంత్రానికి దండెం మీద బట్టలకు నల్లటి పొర. కొత్తింట్లో సారవ్వ ఎండేసిన మొదటి తునకలను కడిగితే గిన్నెడు నల్లనీళ్లు దిగాయి. ఆమె వాటిని వీధి కుక్కలకు వేసి, దబ్బనాన్ని కుట్టు డబ్బాలో పెట్టి మూత పెట్టేసింది. మళ్లీ తునకల మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే పోశం తట్టుకునేవాడు. ఆమె ఏమీ అనకపోవడమే ఆయనకు ముల్లులా గుచ్చుకునేది.

ఈ ఏడు వానకాలంలో సారవ్వ అన్న లింగమూర్తి శ్రీరాంపూర్ బాయిలో రిటైరవుతున్నాడు. ఇక్కడ బాయి పనికి చివరి రోజంటే పెళ్లికి ఏమాత్రం తీసిపోదు. దండలు, శాలువా, ఇంటిదాకా బ్యాండుతో ఊరేగింపు, వచ్చినవాళ్లందరికీ దావత్. లింగమూర్తి స్వయంగా పిలవడానికి వచ్చి, చాయ్ తాగి, లేవబోతూ అసలు సంగతి చెప్పాడు.

"సారవ్వా, నా దావత్‌ల పుంటికూర తునకలు ఉండాలె. అవ్వ పోయినంక ఆ రుచి నీ చేతిల్నే ఉన్నది. నువ్వు చేస్తనే పెడుత, లేకుంటే లేదు."

పుంటికూరంటే గోంగూరే. ఆ పులుపులో తునకలు వేసి వండితే లింగమూర్తి అన్నం లెక్క చూడకుండా తింటాడు. పైగా చచ్చిపోయిన తల్లి పేరెత్తాడు. సారవ్వ ముందూ వెనకా చూసుకోలేదు.

"చేస్త అన్న, నువ్వు నిశ్చింతగుండు" అనేసింది.

ఆయన బండి మలుపు తిరిగాక గడపలో కూలబడింది. "ఏడ ఎండెయ్యాలె నేను? ముసురు పట్టి కూసున్నది. ఎండొస్తే దుమ్ము. దుకాణంల కొని పెడితే అన్న నోట్లె పెట్టుకోంగనే పసిగడ్తడు. తోడబుట్టినోడు ఒక్కటడిగిండు, అది సుత చెయ్యలేనైతి."

"ఫికర్ జెయ్యకు. నేనున్న గద" అన్నాడు పోశం.

"నువ్వున్నవనే నా ఫికర్" అంది సారవ్వ.

పోశం అప్పటికే పెరట్లో ఉన్నాడు. చిన్నప్పుడు వాళ్ల అవ్వ వానకాలంలో వాగు చేపలను పొయ్యి పైన వేలాడదీసి పొగకు ఆరబెట్టడం ఆయనకు గుర్తుంది. ఎండ లేకపోతే పొగ ఉంది. పైన కప్పు, చుట్టూ గోడలు ఉంటే దుమ్ము రాదు. నేలను, పొయ్యిని, గాలిని మూడింటినీ తనే ఆడించగలనన్న ధీమా ఆయన నడకలోనే కనబడింది.

పెరటి మూలన ఒక చివర కట్టెలు మండే పొయ్యి, ఇంకో చివర మనిషెత్తు పొగ గది, రెండింటినీ కలుపుతూ నేలలో ఇటుకల కాలువ. మంట దగ్గరగా ఉంటే మాంసం ఉడికిపోతుంది. పొగ కాలువలో నడిచి చల్లబడి రావాలి. పొయ్యికి వేడికి పగలని ఇటుకలు పెట్టాడు. ఎర్రమట్టిలో వరి ఊక, బెల్లం నీళ్లు కలిపి కాళ్లతో తొక్కి, ఆ మట్టితోనే గోడలు లేపాడు. గదిలో అడ్డంగా ఇనుప కడ్డీలు బిగించాడు. తలుపుకు ఏం పెట్టాలా అని కాసేపు ఆగిపోయి, చివరికి పాత సామాన్ల దుకాణం నుంచి ఇనుప బీరువా తలుపు ఒకటి ఆటోలో వేసుకొచ్చాడు. లోపలి రంగు తిండికి మంచిది కాదని కాల్చి, గీకి, బూడిదతో తోమాడు. బయటి వైపు నిలువుటద్దం మాత్రం అలాగే ఉంచేశాడు. మర్నాటి నుంచి సారవ్వ పొగ పొయ్యి ముందు నిలబడి తల దువ్వుకోవడం మొదలుపెట్టింది.

బొగ్గు ఊళ్లో కట్టెల పొయ్యి కట్టడం చూసి నవ్వినవాళ్లు చాలామందే. "బొగ్గుల పుట్టి కట్టెలు కొంటానవా పోశమన్న?" అని దారినపోయేవాడల్లా అడిగాడు. బొగ్గు పొగ తగిలిన మాంసాన్ని కుక్క కూడా ముట్టదని పోశం ఓపికగా చెప్పాడు. తుమ్మ మొద్దులు, మామిడి చెక్కలు వేరుగా పేర్చుకున్నాడు. వేప పుల్ల ఒక్కటి కలిసినా చేదెక్కుతుందని సారవ్వను కూడా హెచ్చరించాడు. ఆమెకది పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా తలూపింది.

చివరగా పైన గొట్టం ఎత్తాడు. ఇంటి మేడకన్నా పొడుగైన ఇనుప గొట్టం. పొయ్యి వెలిగించి, కాలువ మొదట్లో చిటికెడు బూడిద ఎగరేస్తే అది సర్రున లోపలికి పోయింది. చూడవచ్చినవాళ్లెవరికీ కళ్లు మండలేదు, దగ్గు రాలేదు. "ఇది పని అంటే" అన్నారందరూ. పోశం ఆ పూట రెండు చాయ్‌లు ఎక్కువ తాగాడు.

రుచి చూడడానికి సారవ్వ కొద్దిగా మాంసం కోసి కడ్డీలకు కట్టింది. పొద్దుగూకేదాకా పొయ్యి మండింది. తలుపు తీస్తే తునకలు పాలిపోయి, అంచుల్లో మురుకుల్లా విరుగుతున్నాయి. పొగ వాసన అన్నది వాటిని తాకనైనా తాకలేదు. అదే సమయానికి వీధి చివరింటి యమున వచ్చి, ఏం కాలుస్తున్నారు వదినా, మా ఇంటిదాకా నోరూరుతోంది అంది.

"చూసినవా?" అంది సారవ్వ మొగుడి వైపు తిరిగి. "పొగనంత వాడకట్టుకు పంచి, తునకలకు ఉత్త గాలి పెట్టినవ్."

పోశానికి కోపం రాలేదు. తప్పు ఎక్కడుందో అప్పుడే దొరికింది. బతుకంతా పొగను తరిమినవాడు, పొగను తరిమే పొయ్యే కట్టాడు. గొట్టాన్ని సగానికి పైగా కోసేశాడు. పైన మూత పెట్టి, ఎంత కావాలంటే అంత తెరిచేటట్టు గొలుసు కట్టాడు. పొయ్యిలోకి గాలి వచ్చే కంతను పిడికిలంతకు తగ్గించాడు. తలుపు సందుల్లో తడిమట్టి మెత్తాడు. ఇంకేం, అయిపోయింది, రేపు చూడు అన్నాడు.

రేపు ఇంకా ఘోరం. గదిలో పొగ నిండడం మొదలై, తలుపు సందుల్లోంచి సన్నగా బయటికి రాగానే పోశం కుర్చీలోంచి లేచి గొలుసు లాగాడు. మూత తెరుచుకుంది, పొగ పోయింది, ఆయన కూర్చున్నాడు. మళ్లీ మూశాడు. మళ్లీ పొగ చిక్కబడింది. మళ్లీ లేచాడు. లేచిన సంగతి ఆయనకే తెలియదు, చేతికి గొలుసు తగిలినప్పుడు తెలుస్తోంది. మూత తెరిచిన ప్రతిసారీ గాలి దూసుకొచ్చి పొయ్యిలో మంట భగ్గుమంది. సాయంత్రానికి కింది వరస మాంసం మాడింది, పై వరస పచ్చిగా మిగిలింది.

వంటింటి కిటికీలోంచి సారవ్వ అంతా చూస్తూనే ఉంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడింది.

"పోశం, ఇటు చూడు." మొగుణ్ని పేరు పెట్టి పిలిచిందంటే సంగతి పెద్దదే. "నువ్వు బాయిల లేవు. ఇది మన పెరడు. ఆ గదిల ఊపిరి తీసుకునేటోడు ఎవ్వడు లేడు. సచ్చిన మేక మాంసం ఉన్నది."

పోశం గొలుసు పట్టిన తన చేతిని చూసుకున్నాడు. "నాకు తెలుస్తున్నది సారవ్వా. చేతికి తెలుస్తలేదు."

అంత ధీమా గల మనిషి నోట ఆ మాట రావడం ఆమెకు కొత్త. కోపం చల్లారిపోయింది. కానీ దావత్ ముంచుకొస్తోంది. "అన్నకు ఫోన్ చేసి, నాతోని కాదని చెప్త. ఎంత ఆలస్యం చేస్తే అంత సిగ్గు" అని ఫోన్ చేతిలోకి తీసుకుంది.

"ఒక్క పూట ఆగు" అన్నాడు పోశం. "రేపు సుత కాకుంటే నేనే చేస్త ఫోను. మీ అన్న తిట్లు నేనే తింట."

మర్నాడు పొద్దున చాయ్ గ్లాసు పట్టుకుని చల్లారిన పొయ్యి ముందు కూర్చున్నాడు. బాయిలో మంటకు గోడ కట్టి మూసినప్పుడు తన చేయి ఎందుకు ఊరుకునేది అని తనను తానే ప్రశ్నించుకున్నాడు. ఆ గోడ వెనక ఇంతకన్నా పెద్ద మంట, ఇంతకన్నా చిక్కటి పొగ ఉండేవి. అయినా దాని ముందు నిలబడి ఆయన ఏనాడూ తడబడలేదు. ఎందుకంటే గోడ కట్టేటప్పుడే అందులో ఒక సన్నటి గొట్టం వదిలేవాళ్లు. దానికి బిరడా ఉంటుంది. బిరడా తిప్పి లోపలి గాలిని పట్టి పరీక్షిస్తే మంట ఆరుతోందో, పెరుగుతోందో తెలిసేది. లోపలేం జరుగుతోందో తెలిస్తే గోడను తెరవాలన్న తొందర ఉండదు. ఇక్కడ ఆయన తలుపు మూశాడు, మూత మూశాడు, లోపలి సంగతి తెలిసే దారి మాత్రం పెట్టుకోలేదు.

గ్లాసు అక్కడే పెట్టి సైకిలెక్కాడు. చాయ్ మీద ఈగ వాలకముందే వచ్చినట్టు వచ్చాడు, చేతిలో మూరెడు ఇనుప గొట్టం, దానికి నీళ్ల కుళాయి. ఇక్కడ కుళాయిని నల్లా అంటారు. పొగ గది గోడకు కూర్చున్న మనిషి ముక్కెత్తులో కన్నం చేసి, గొట్టం దింపి, చుట్టూ మట్టి మెత్తాడు.

సారవ్వ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "గిదేంది? తునకలకు నల్లా కనెక్షనా?"

"నువ్వు దబ్బనం తియ్యి" అన్నాడు పోశం. గొంతులో పాత ధీమా వచ్చేసింది. "దావత్‌కు ఎంత కావాల్నో అంత మాంసం కొయ్యి. ఇయ్యాల ఇగ పరీక్షలు లెవ్వు."

ఆమె ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, కుట్టు డబ్బా మూత తీసింది. ఇది చెడితే మళ్లీ తెచ్చి చేసే వ్యవధి లేదని ఇద్దరికీ తెలుసు. మాంసమంతా కోసి, మసాలా పట్టించి, పురికొసలకు గుచ్చి, దండల్లా కడ్డీలకు వేలాడదీశారు. పోశం మామిడి చెక్కలతో పొయ్యి రాజేసి, నిప్పు పడ్డాక తుమ్మ మొద్దు పెట్టి, బీరువా తలుపు మూసి, సందులన్నీ మెత్తి, పైమూత పడేటట్టు గొలుసు వదిలేశాడు. బయట సన్నటి ముసురు. రేకుల పందిరి కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

పొగ చిక్కబడింది. మూత అంచుల్లోంచి బయటపడి, వాన గాలికి కిందికి మళ్లి, నేరుగా ఆయన మీదికే వచ్చింది. పోశం లేచాడు. చేయి పైకి లేచింది. వంటింటి కిటికీ దగ్గర సారవ్వ పిలవబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఆగిపోయింది. పోశం ఆ చేతిని కిందికి దించి, నల్లా తిప్పి, వంగి వాసన చూశాడు. పచ్చి మాంసం, తడి కట్టె. ఇంకా వేళ కాలేదు. నల్లా కట్టేసి కూర్చున్నాడు. చేయి ఊరుకుంది.

ఆ తర్వాత పని సులువైంది. చేయి దురద పెట్టినప్పుడల్లా నల్లా తిప్పాడు. కాసేపటికి అల్లం వెల్లుల్లి వాసన వచ్చింది, తర్వాత కారం, ఆ పైన తుమ్మ చెక్క తీపి. మధ్యలో సారవ్వ ఉండబట్టలేక వచ్చి పక్కన చతికిలబడింది. ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు నల్లాకు ముక్కు ఆనించి, ఇంకా కావాలని ఒకరు, చాలని ఒకరు కొట్లాడుకున్నారు. చూసినవాళ్లు ఈ ముసలివాళ్లకు ఏమైందో అనుకుని ఉంటారు.

వెలుతురుండగానే సారవ్వ ఇగ చాలు అంది. తలుపు తీస్తే తునకలు చింతగింజ రంగులో నిగనిగలాడుతున్నాయి. ఆమె ఒకటి తుంచి నోట్లో వేసుకుని, నములుతూ, కళ్లు మూసుకుంది. పోశం నిలబడ్డ చోటే నిలబడి ఊపిరి బిగబట్టాడు.

"మా అవ్వ చేసినయి ఇంత బాగుండకపోతుండె" అంది చివరికి. "అన్నకు చెప్పకు."

పోశం ఆ రాత్రి పడుకోబోయే ముందు, ఎవరూ చెప్పకుండానే, కోళ్ల గూటికి ఒక కిటికీ మూసేశాడు.

దావత్ రోజు లింగమూర్తి మెడలో దండలు తీయకుండానే బంతిలో కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కాసేపు నమలడం ఆపేశాడు. విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా, వంటల దగ్గరున్న చెల్లెలి దగ్గరికి వచ్చాడు. "చెల్లె, అవ్వ యాదికొచ్చింది" అన్నాడు. అంత పెద్దమనిషీ బ్యాండువాళ్ల ముందే కళ్లు తుడుచుకున్నాడు. సారవ్వ ఏడవలేదు. అన్నను మళ్లీ బంతిలో కూర్చోబెట్టి ఇంకో గరిటె వడ్డించింది. అవతల పోశం, నస్పూర్ నుంచి వచ్చిన పాత దోస్తులను చుట్టూ కూర్చోబెట్టుకుని, నల్లా ఎంత ఎత్తులో పెట్టాలో చేతులు ఊపుతూ చెబుతున్నాడు. వచ్చే నెలలో రిటైరయ్యే ఒకాయన అక్కడే సారవ్వను పట్టుకుని, నా దావత్‌కు సుత నువ్వే అక్కా అని మాట తీసుకున్నాడు. ఈసారి ఆమె గడపలో కూలబడలేదు. మాంసం లేతది చూసి తేవాలని ఆయనకే జాగ్రత్తలు చెప్పింది.

మర్నాడు పొద్దున పోశం స్నానానికి పోతూ, పొగ పొయ్యి దగ్గర కూర్చున్న రోజు తొడుక్కున్న చొక్కా ఇంకా చిలక్కొయ్యకే వేలాడడం చూశాడు. గదంతా తుమ్మ పొగ వాసన. సారవ్వ మరిచిపోయిందేమోనని, పాత అలవాటు ప్రకారం దాన్ని తీసుకెళ్లి వేరే బకెట్‌లో వేశాడు.

సారవ్వ వచ్చి బకెట్‌లోంచి చొక్కా తీసి, దులిపి, మళ్లీ కొయ్యకు తగిలించింది.

"ఉతకవా?" అన్నాడు పోశం.

"ఉండనీ."

"ఎప్పుడు పొగ వాసనొచ్చినా అప్పటికప్పుడు ఉతుకుదువు గద?"

సారవ్వ చొక్కా చేయి సరిచేస్తూ నిలబడింది. "అప్పుడు నీ అంగికి పొగ వాసనొస్తే, ఇయ్యాల బాయి లోపల మంట ఉన్నదని సమజైతుండె. నిన్ను అడుగుదామంటే నోరు రాకపోతుండె. అడిగితే నువ్వు చెప్తవేమోనని భయం. ఆ వాసన ఇంట్ల ఉంటే నాకు నిద్ర పట్టకపోతుండె పోశం. గందుకే ఉతుకుతుంటి."

ఇన్నేళ్లు ఒకే కప్పు కింద ఉండి ఈ సంగతి తనకు తెలియనందుకు పోశానికి సిగ్గేసింది. గాలికీ పొగకూ దారి చూపినవాడు ఈ మనిషి ముఖం వైపు సరిగ్గా చూడలేదు. "మరి గిప్పుడో?" అన్నాడు.

సారవ్వ చొక్కాను ముక్కు దగ్గరికి తెచ్చుకుని నిండా పీల్చింది.

"గిప్పుడు ఆకలైతున్నది" అంది. "తునకలేమన్న మిగిలినయా?"

పోశం స్నానం సంగతి మరిచిపోయి, పెరట్లో, ఒక దండ దాచి ఉంచిన పొగ గది బీరువా తలుపు వైపు నడిచాడు.